తిథి కూడా కోణమే

(ఆరు, ఏడు తరగతుల పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, లెక్కల టీచర్లు కలిసి కూర్చున్న సభలో ఒక గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఉన్న పిల్లలూ, ఈ పూట మీరు కొంచెం గట్టిగా మాట్లాడాలి. మీ జవాబులు వెనక కూర్చున్న అమ్మలకీ నాన్నలకీ వినపడాలి.

బోర్డు మీద రెండు కోణాలు గీశాను, చూడండి. ఎడమ పక్క దానికి గీతలు జానెడు కూడా లేవు. కుడి పక్క దానికి గీతలు మూరెడేసి ఉన్నాయి. ఏది పెద్ద కోణం?

కుడి పక్కదే అని చాలామంది అంటున్నారు. సరే, కొలుద్దాం. ఎడమది 60 డిగ్రీలు. కుడిది 40. అంటే చిన్న గీతలున్నదే పెద్ద కోణం.

టీచర్లూ, ఇది పిల్లల తప్పు కాదండీ. పొడవు గీత కనిపిస్తే 'పెద్దది' అనడం కంటికి ఉన్న అలవాటు. మనం పుస్తకంలో కోణాన్ని ఎప్పుడూ ఒకే సైజు గీతలతో గీసి చూపిస్తాం కాబట్టి, ఈ అపోహ ఉందన్న సంగతే బయటపడదు. పదో తరగతిలో త్రికోణమితి దగ్గరికి వచ్చాక పిల్లవాడు తడబడితే, 'బేసిక్స్ లేవు' అనేస్తాం. ఆ బేసిక్ ఇదే. కోణం అంటే గీతల పొడవు కాదు. గీతల మధ్య ఉన్న జాగా వైశాల్యం కూడా కాదు. ఒక గీత దగ్గర మొదలుపెట్టి రెండో గీత దాకా ఎంత తిరిగాం అన్నదే కోణం.

ఈ గీతల్ని కిరణాలు అంటాం. కిరణానికి మొదలు ఉంటుంది, చివర ఉండదు. అలా పోతూనే ఉంటుంది. మనం బోర్డు మీద గీసేది అందులో ఒక ముక్క మాత్రమే. బోర్డు పెద్దదైతే పెద్ద ముక్క, నోటుబుక్కు అయితే చిన్న ముక్క. రెండు కిరణాలూ మొదలైన బిందువు శీర్షం. కిరణాలు రెండూ భుజాలు. మూల దగ్గర చిన్న చాపంలా ఒక గుర్తు పెడతాం కదా, దాంతో కూడా జాగ్రత్తగా ఉండాలి. చాపం పెద్దగా గీస్తే కోణం పెద్దదైపోదు. 'ఇదిగో, నేను చెబుతున్నది ఈ పక్క కోణం గురించి' అని చూపించడానికే ఆ గుర్తు. ఏ పక్క అన్నది ఎంత ముఖ్యమో కాసేపట్లో తెలుస్తుంది.

అదిగో గోడ గడియారం. మీ నాన్నగారి చేతికి వాచీ ఉంది. మూడు గంటలకి రెండింట్లోనూ ముల్లుల మధ్య కోణం 90 డిగ్రీలే. మరి మూడున్నరకి? 'తొంభై' అన్నదెవరు? పెద్ద ముల్లు 6 మీద ఉంది, చిన్న ముల్లు 3 మీద ఉందని అనుకున్నావు కదూ? చిన్న ముల్లు అప్పటికే 3కీ 4కీ నడుమకి వచ్చేసింది నాన్నా. పెద్ద ముల్లు గంటలో చుట్టంతా తిరుగుతుంది, అంటే నిమిషానికి 6 డిగ్రీలు. చిన్న ముల్లు నిమిషానికి అర డిగ్రీ. ముప్పై నిమిషాల్లో 15 డిగ్రీలు కదిలింది. కాబట్టి మూడున్నరకి కోణం 75.

ఇక పేరు పెట్టే సంగతి. దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఓ అనే ఒక బిందువు నుంచి మూడు కిరణాలు గీస్తున్నాను. వాటి మీద ఏ, బీ, సీ అని వరసగా బిందువులు పెట్టాను. ఇప్పుడు నేను 'కోణం ఓ ఎంత?' అని అడిగితే? చెప్పలేరు. ఓ దగ్గర ఒక్క కోణం లేదు. ఎన్ని ఉన్నాయి? రెండు అంటున్నారు. ఏ నుంచి బీ దాకా ఒకటి, బీ నుంచి సీ దాకా ఒకటి. మరి ఏ నుంచి సీ దాకా? అదీ కోణమే. మధ్యలో బీ కిరణం అడ్డంగా ఉన్నంత మాత్రాన అది లేకుండా పోదు. మొత్తం మూడు.

వీటిని విడివిడిగా చెప్పడానికే మూడక్షరాల పేరు. కోణం ఏఓబీ, కోణం బీఓసీ, కోణం ఏఓసీ. మూడింట్లోనూ ఓ ఎక్కడుంది? మధ్యలో. శీర్షం ఎప్పుడూ మధ్య అక్షరమే. ఏ భుజం మీది బిందువు నుంచి బయల్దేరి, శీర్షం దాకా వచ్చి, మలుపు తిరిగి, రెండో భుజం మీదికి వెళ్ళామో అదే పేరు. వేలితో ఆ దారినే గీస్తూ పేరు పలకమని పిల్లలకి చెప్పండి. ఏ... ఓ... బీ. వేలు తిరిగిన చోటే శీర్షం. ఏఓబీ అన్నా బీఓఏ అన్నా ఒకే కోణం. కానీ ఓఏబీ అంటే ఇంకెక్కడో ఉన్న కోణం, దాని శీర్షం ఏ. పరీక్షలో బొమ్మ సరిగ్గా గీసి, కొలిచి, పేరు మాత్రం ఓఏబీ అని రాసే పిల్లల్ని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. విషయం వచ్చు, మాట తప్పింది, అంతే.

మూడు కిరణాలకి మూడు కోణాలైతే, నాలుగు కిరణాలకి? తొందరపడి 'నాలుగు' అనకండి. ఏ, బీ, సీ, డీ. ఏబీ, ఏసీ, ఏడీ, బీసీ, బీడీ, సీడీ... ఆరు. అయిదు కిరణాలకి పది. ఏ రెండు కిరణాలు తీసుకున్నా ఒక కోణం. దీన్ని పిల్లల చేతే లెక్కపెట్టించండి. పేరు పెట్టడం చేతనైన పిల్లలు ఒక్కటి కూడా వదలకుండా రాస్తారు. రానివాళ్ళు బొమ్మ మీద వేలు పెట్టి తికమక పడతారు. తేడా అంతా ఆ పేర్లలోనే ఉంటుంది.

ఇప్పుడు పరిమాణాన్ని బట్టి వచ్చే పేర్లు. అందరి దగ్గరా కాగితం ఉంది కదా? అంచులు సాఫీగా లేకుండా ఎలాగంటే అలా చింపండి. దాన్ని ఒకసారి మడవండి. మడత గీత తిన్నగా వచ్చింది. ఇప్పుడు ఆ మడత మీదికే మడత సరిగ్గా వచ్చేలా ఇంకోసారి మడవండి. ఆ మూల చూడండి, లంబకోణం. స్కేలు లేదు, కోణమానిని లేదు. మీ పక్కవాళ్ళ మూల మీద మీ మూల పెట్టి చూడండి. సరిగ్గా సరిపోయిందా? వాళ్ళు వేరే కాగితం వేరేలా చింపారు, అయినా సరిపోయింది. గ్రీకు గణితవేత్త యూక్లిడ్ సుమారు క్రీ.పూ. 300 నాడు 'ఎలిమెంట్స్' అనే పుస్తకంలో, లంబకోణాలన్నీ ఒకదానికొకటి సమానం అన్న మాటని తన అయిదు ప్రాథమిక స్వీకృతాల్లో, అంటే రుజువు అడక్కుండా ఒప్పుకునే మాటల్లో, నాలుగోదిగా పెట్టుకున్నాడు. ఆయన ఆ పుస్తకంలో డిగ్రీల లెక్కే వాడలేదు. లంబకోణమే ఆయన కొలబద్ద. దానికన్నా తక్కువైతే ఒక పేరు, ఎక్కువైతే ఇంకో పేరు. మీ చేతిలో ఉన్న ఈ కాగితం మూలతో మీరూ అలాగే చెప్పొచ్చు.

మనవాళ్ళు మేస్త్రీ పనిలో వాడే మూలమట్టం కూడా ఇదే. ఇల్లు ముగ్గు పోసేటప్పుడు అంత చిన్న మూలమట్టం చాలదు కాబట్టి, మూల నుంచి ఒక పక్క 3 అడుగులు, రెండో పక్క 4 అడుగులు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి 5 అడుగులు వచ్చిందా అని చూస్తారు. వస్తే మూల లంబకోణం. 5కి కొంచెం తక్కువ వస్తే లంబకోణం కన్నా చిన్నది, ఎక్కువ వస్తే పెద్దది. పునాదిలో ఇది తప్పితే తర్వాత ఫ్లోరింగ్ టైల్స్ వేసేటప్పుడు గోడ పక్కన ఏటవాలు ముక్కలు కోసుకోవాల్సి వస్తుంది.

లంబకోణం కన్నా తక్కువైతే లఘుకోణం. మీ పుస్తకంలో అల్పకోణం అని ఉంటే, రెండూ ఒకటే, టెన్షన్ పడకండి. 90 దాటి 180 లోపైతే గురుకోణం, లేదా అధికకోణం. సరిగ్గా 180 అయితే సరళకోణం. 180 దాటి 360 లోపైతే పరావర్తన కోణం. ఇలా జాబితాగా చెబితే రేపటికి మర్చిపోతారు. కాబట్టి ఒక పని చేద్దాం. ఇంటింటికీ గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది. అందులో రోజుకో కోణం రాసి ఉంటుంది.

ఆశ్చర్యంగా ఉందా? తిథి అంటే ఏమిటి? మనం భూమ్మీద నిలబడ్డాం. మనమే శీర్షం. ఒక భుజం సూర్యుడి వైపు, ఇంకో భుజం చంద్రుడి వైపు. ఆ రెంటి మధ్య కోణమే తిథి. కచ్చితంగా చెప్పాలంటే, ఏడాది పొడవునా నక్షత్రాల మధ్య సూర్యుడు కదిలినట్టు కనిపించే దారి వెంబడి కొలిచే కోణం. అమావాస్య ముగిసే క్షణంలో ఇద్దరూ ఒకే దిక్కున ఉంటారు, కోణం సున్న. సూర్యుడు రోజుకి సుమారు 1 డిగ్రీ, చంద్రుడు సుమారు 13 డిగ్రీలు తూర్పుకి జరుగుతారు. అంటే రోజుకి దాదాపు 12 డిగ్రీలు ఎడం పెరుగుతుంది. 12 డిగ్రీలకి ఒక తిథి. 360ని 12తో భాగిస్తే 30 తిథులు. సున్న నుంచి 12 దాకా పాడ్యమి, 12 నుంచి 24 విదియ, అలా.

ఇప్పుడు చెప్పండి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. ఏ కోణం? లఘుకోణం, చాలా సన్నది. వినాయక చవితి? 36కీ 48కీ మధ్య, లఘుకోణం. రథసప్తమి? 72కీ 84కీ మధ్య, ఇంకా లఘుకోణమే. అష్టమి 84 నుంచి 96. దాని నడుమ ఏముంది? 90! అందుకే శుద్ధ అష్టమి నాడు చంద్రుడు సగం కనిపిస్తాడు. శ్రీరామనవమి? 96 నుంచి 108, గురుకోణంలోకి వచ్చేశాం. విజయదశమి, ముక్కోటి ఏకాదశి గురుకోణాలు. పౌర్ణమి ముగిసేటప్పుడు 180, సరళకోణం. ఒకరు ఇటు, ఒకరు అటు, మధ్యలో మనం.

మీ చేతులతోనే చూడొచ్చు. సూర్యుణ్ణి నేరుగా చూడకండి, కళ్ళు పాడవుతాయి. శుద్ధ అష్టమి సాయంత్రం, సూర్యుడు అప్పుడే అస్తమించాక, మేడ మీదికెళ్ళి ఒక చెయ్యి సూర్యుడు దిగిన చోటుకి చాపండి. ఇంకో చెయ్యి చంద్రుడి వైపు చాపండి. రెండు చేతుల మధ్య లంబకోణం, కొంచెం అటూ ఇటూగా. పౌర్ణమి సాయంత్రం ఇలాగే చేస్తే ఒక చెయ్యి పడమటికి, ఇంకోటి తూర్పుకి, దాదాపు తిన్నగా ఉంటాయి. చవితి నాడు చేస్తే రెండు చేతులూ పడమటి వైపే ఉంటాయి. వినాయక చవితి చంద్రుణ్ణి చూడకూడదని ఇంట్లో అంటారు కాబట్టి వేరే నెల చవితి నాడు చూడండి. చంద్రుడు ఎక్కడో లక్షల మైళ్ళ దూరంలో, సూర్యుడు కోట్ల మైళ్ళ దూరంలో. ఒక భుజం ఇంత, ఇంకో భుజం అంత. కోణానికి ఆ దూరాలతో పని లేదు. మొదట బోర్డు మీద చెప్పిన సంగతికి దీనికన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

పౌర్ణమి దాటితే బహుళ పక్షం. కోణం 180 దాటింది. ఇవన్నీ పరావర్తన కోణాలు. అట్లతద్ది బహుళ తదియ, 204 నుంచి 216. కృష్ణాష్టమి బహుళ అష్టమి, 264 నుంచి 276. మీలో ఒకరు అడగాలి ఇప్పుడు. అడిగావు, శభాష్! 'రెండు చేతుల మధ్య కోణం 180 కన్నా ఎక్కువ ఎలా ఉంటుంది సార్, అటు పక్క నుంచి కొలిస్తే తక్కువే కదా' అంటోంది పాప. నిజం తల్లీ. రెండు కిరణాలు ఉంటే కోణాలు ఎప్పుడూ రెండు. ఒకటి ఇటు పక్క, ఒకటి అటు పక్క. రెండూ కలిపితే 360. కృష్ణాష్టమి నాడు ఒక పక్క నుంచి 270 అయితే రెండో పక్క నుంచి 90. అందుకే ఆ రోజు కూడా సగం చంద్రుడే. కానీ శుద్ధ అష్టమికీ బహుళ అష్టమికీ తేడా తెలియాలంటే, ఎప్పుడూ ఒకే దిక్కుగా, సూర్యుడి నుంచి తూర్పుగా కొలుచుకుంటూ పోవాలి. అలా కొలిస్తేనే ఒకటి 90, ఒకటి 270. శుద్ధ అష్టమి చంద్రుడు పొద్దుగూకే వేళకి ఆకాశంలో పైకి ఎక్కి ఉంటాడు. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో ఉదయిస్తాడు. కృష్ణుడు పుట్టిన వేళ అర్ధరాత్రి అంటారు కదా, సరిగ్గా ఆ చంద్రోదయం వేళ.

మూల దగ్గర చాపం గుర్తు ఎందుకన్నది ఇప్పుడు తెలిసింది కదా. ఏఓబీ అని మూడక్షరాలు రాసినా, ఏ పక్కదో ఆ పేరు చెప్పదు. మామూలుగా చిన్న పక్కదే అనుకుంటాం. పెద్ద పక్కది కావాలంటే చాపం గీసి చూపించాలి, లేదా 'పరావర్తన కోణం ఏఓబీ' అని మాటల్లో రాయాలి.

ఇంకో మాట. క్యాలెండర్లో తిథి 'మధ్యాహ్నం ఇన్ని గంటల వరకు' అని ఉంటుంది. రోజంతా ఒకే తిథి ఎందుకు ఉండదని పెద్దవాళ్ళు కూడా అడుగుతుంటారు. చంద్రుడు ఒకే వేగంతో నడవడు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగం, దూరంగా ఉన్నప్పుడు నెమ్మది. సూర్యుడి కదలికలోనూ కొద్దిగా తేడా ఉంటుంది. అందుకే 12 డిగ్రీల ఎడం ఒకసారి 20 గంటల్లో రావచ్చు, ఒకసారి 26 గంటలు దాటవచ్చు. తిథి కోణం, గంటల లెక్క కాదు. నక్షత్రాలూ అంతే. 360ని 27తో భాగిస్తే 13 డిగ్రీల 20 నిమిషాలు, ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. దానిలో నాలుగో వంతు ఒక పాదం. 'నాది రోహిణి రెండో పాదం' అంటే అది 3 డిగ్రీల 20 నిమిషాల ముక్క. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి తన గ్రంథంలో పావు వృత్తాన్ని 24 ముక్కలు చేసి, ఒక్కో ముక్క 3 డిగ్రీల 45 నిమిషాల చొప్పున జ్యా పట్టిక ఇచ్చాడు. ఇవాళ మీరు పదో తరగతిలో చదివే సైన్ విలువలకి అది పూర్వరూపం.

360 అనే అంకె ఎంత సౌకర్యమో కూడా చూడండి. దీన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 24 ఉన్నాయి. 1 నుంచి 10 దాకా ఒక్క 7 తప్ప అన్నీ భాగిస్తాయి. ఫ్రెంచి విప్లవ కాలంలో లంబకోణాన్ని 100 భాగాలు చేసి చుట్టుని 400 చేద్దామని చూశారు. కొన్ని దేశాల సర్వే పనుల్లో తప్ప అది నిలబడలేదు. లంబకోణంలో మూడో వంతు కావాలంటే మనకి 30, వాళ్ళకి ముప్పై మూడూ పై చిల్లర.

ఇప్పుడు జామెట్రీ బాక్స్ తెరవండి. కోణమానిని తియ్యండి. అడుగున అంచు ఉంది కదా, ఆ అంచు కాదు సున్న గీత. కొంచెం పైన ఒక సన్నటి అడ్డ గీత ఉంటుంది. దాని నడుమ చిన్న గుర్తు ఉంటుంది, శీర్షం దాని కిందికి రావాలి. భుజం ఆ అడ్డ గీత మీద పడుకోవాలి. ప్లాస్టిక్ అంచుని భుజానికి ఆనిస్తే కోణం తప్పు వస్తుంది. నాలుగైదు డిగ్రీలు తేడా వచ్చిన నోటుబుక్కుల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే.

రెండోది, కోణమానిని మీద రెండు వరసల అంకెలు ఉంటాయి. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. 50 ఉన్న చోటే 130 కూడా ఉంటుంది. ఏది చదవాలి? భుజం పడుకున్న వైపు ఏ వరసలో సున్న ఉందో ఆ వరస. అది తోచకపోతే, కొలవకముందే కంటితో చూసి లఘుకోణమా గురుకోణమా చెప్పుకోండి. ఇందాక మడిచిన కాగితం మూల పెట్టి చూసినా చాలు. లఘుకోణం అని తేలితే 130 చదివే ప్రశ్నే లేదు. టీచర్లూ, కొలత కన్నా ముందు పేరు చెప్పించండి. ఈ ఒక్క అలవాటుతో సగం తప్పులు ఆగుతాయని నా నమ్మకం.

జంటల పేర్లు త్వరగా చెప్పేస్తాను. రెండు కోణాలు కలిపి 90 అయితే పూరక కోణాలు, 180 అయితే సంపూరక కోణాలు. అవి పక్కపక్కనే ఉండక్కర్లేదు. ఒకటి ఈ బోర్డు మీద, ఒకటి మీ నోటుబుక్కులో ఉన్నా సరే. పక్కపక్కనే, ఒకే శీర్షం, ఒక భుజం ఉమ్మడిగా, ఆ ఉమ్మడి భుజానికి చెరో వైపున ఉంటే ఆసన్న కోణాలు. ఆసన్న కోణాలై, కలిపి 180 కూడా అయితే రేఖీయ ద్వయం. ఇందాకటి బొమ్మలో ఏఓబీ, ఏఓసీ ఆసన్న కోణాలా? శీర్షం ఒకటే, ఏ వైపు భుజం ఉమ్మడే. కానీ ఒకటి రెండోదాని లోపలే ఉంది. కాబట్టి కావు.

చివరగా శీర్షాభిముఖ కోణాలు. రెండు సరళరేఖలు ఒకదాన్నొకటి కోస్తే ఎదురెదురు కోణాలు సమానం. దీన్ని మొదట కనిపెట్టినవాడు గ్రీకు దేశపు థేల్స్ అని పాత గ్రీకు వ్యాఖ్యాతలు రాశారు. రుజువు యూక్లిడ్ 'ఎలిమెంట్స్' మొదటి భాగంలో పదిహేనో ప్రతిపాదన. చాలా చిన్న రుజువు. ఒక కోణం 50 అనుకోండి. దాని పక్క కోణం రేఖీయ ద్వయం కాబట్టి 130. ఆ 130కి అటు పక్క ఉన్నది మళ్ళీ రేఖీయ ద్వయం కాబట్టి 50. అయిపోయింది. 50 బదులు ఏ అంకె పెట్టినా ఇదే నడక.

ఇప్పుడు మూడు సరళరేఖలు ఒకే బిందువు ఓ గుండా గీస్తున్నాను. చుట్టూ వరసగా ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్. ఏఓడీ ఒక రేఖ, బీఓఈ ఒకటి, సీఓఎఫ్ ఒకటి. కోణం ఏఓబీ 50, కోణం బీఓసీ 60. మిగతావి చెప్పండి. సీఓడీ 70, ఎందుకంటే మూడూ కలిపి ఏ నుంచి డీ దాకా సరళకోణం. డీఓఈ 50, ఈఓఎఫ్ 60, ఎఫ్ఓఏ 70. బాగుంది.

ఇందులో శీర్షాభిముఖ కోణాల జతలు ఎన్ని? మూడు అంటున్నారు. అందరూ మూడే అంటున్నారా? బొమ్మ చూసి లెక్కపెట్టకండి, పేర్లు రాసి లెక్కపెట్టండి. ఏ రెండు రేఖలు తీసుకున్నా రెండు జతలు వస్తాయి. రేఖల జంటలు మూడు. కాబట్టి జతలు ఆరు. కనిపించని ఆ మూడూ ఏవి? ఏఓసీ 110, దానికెదురుగా డీఓఎఫ్ 110. బీఓడీ 130, ఎదురుగా ఈఓఏ. మూడోది ఎవరు చెబుతారు? మూడో బెంచీ బాబూ, నువ్వు చెప్పు. వేలు పెట్టి గీస్తూ చెప్పు. సీ... ఓ... ఈ, 120. ఎదురుగా ఎఫ్ఓబీ. కరెక్ట్. వచ్చి బోర్డు మీద రాయి.